తివాచీ ఉతకడానికి ఏ షాంపూ? సీసా కన్నా ముందు పోగును చదవాలి

ఉత్తరప్రదేశ్‌లోని భదోహీ, మిర్జాపూర్ ప్రాంతాల్లో చేతితో ముడులు వేసి నేసే ఉన్ని తివాచీ ఒకటి పూర్తి కావడానికి నెలలు పడుతుంది. కశ్మీర్‌లో సన్నటి ముడులతో నేసే పట్టు తివాచీకి అంతకన్నా ఎక్కువ కాలం పట్టవచ్చు. అలాంటి తివాచీని పాడుచేయడానికి మాత్రం తప్పు కెమికల్‌తో ఒక్క ఉతుకు చాలు. ఎరుపు రంగు తెల్ల పూల మీదకి పాకితే, ఉన్ని మెరుపు పోయి గడ్డిలా గరుకెక్కితే తిరిగి మామూలు స్థితికి తేవడం దాదాపు అసాధ్యం.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాల్లో ఇప్పుడు తివాచీలు ఉతికి ఇచ్చే సేవలు పెరిగాయి. హోటళ్లు, ఆఫీసులు, మసీదులు, ఇళ్ల నుంచి వచ్చే రకరకాల తివాచీలను చాలాచోట్ల ఒకే డ్రమ్ములోని ఒకే షాంపూతో కడిగేస్తున్నారు. కష్టమంతా అక్కడే మొదలవుతుంది. వృత్తిగా తివాచీలు ఉతికేవారు మందును ఎలా ఎంచుకోవాలి? తివాచీని ఉతకడానికి ఇచ్చేవారు ఏం అడగాలి? ఈ ప్రశ్నలకు జవాబు మురికిలో కన్నా పోగు, రంగు, నీళ్లలోనే ఎక్కువగా దొరుకుతుంది.

పోగును గుర్తించడం

ఉన్ని, పట్టు ప్రొటీన్ పోగులు. ఉన్నిలో ఉండేది కెరాటిన్, అంటే మన జుట్టులో ఉండేదే. ప్రొటీన్ పోగులు కొద్దిపాటి ఆమ్లాన్ని తట్టుకుంటాయి, క్షారానికి లొంగిపోతాయి. మరిగే కాస్టిక్ సోడా ద్రావణంలో వేస్తే ఉన్ని కొన్ని నిమిషాల్లోనే కరిగిపోతుంది. క్లోరిన్ బ్లీచ్ అయితే మామూలు ఉష్ణోగ్రతలోనే ఆ పని చేస్తుంది. మిశ్రమ వస్త్రంలో ఉన్ని ఎంత ఉందో తేల్చడానికి ప్రయోగశాలల్లో ఆ ఉన్నిని సోడియం హైపోక్లోరైట్‌లో కరిగించి, మిగిలిన పోగును తూచే పద్ధతి ఒకటుంది. బాత్రూమ్ నేలకు వాడే బ్లీచ్‌లోనూ ఉండేది ఆ పదార్థమే.

నూలు, జనపనార, విస్కోస్ సెల్యులోజ్ పోగులు. వీటి స్వభావం ఉన్నికి తిరగేసినట్టు ఉంటుంది. క్షారాన్ని బాగానే ఓర్చుకుంటాయి, గాఢమైన ఆమ్లానికి దెబ్బతింటాయి. వీటిలో విస్కోస్‌తో మరీ జాగ్రత్తగా ఉండాలి. ‘ఆర్ట్ సిల్క్’, ‘బ్యాంబూ సిల్క్’ పేర్లతో అమ్మే తివాచీల్లో చాలావరకు ఉండేది ఇదే. చూడటానికి పట్టులా మెరుస్తుంది కానీ, తడిస్తే బలం బాగా తగ్గిపోతుంది. తడి మీద బ్రష్‌తో రుద్దితే పోగులు తెగి లేచిపోతాయి. నెమ్మదిగా ఆరితే పసుపు, గోధుమ రంగు మరకలు తేలతాయి.

పాలీప్రొపిలీన్, నైలాన్, పాలిస్టర్ కృత్రిమ పోగులు. ఫంక్షన్ హాళ్లలో పరిచే ఎర్ర తివాచీలు, యంత్రంపై నేసిన చవక రకాలు ఎక్కువగా ఈ కోవలోవే. ఇవి క్షారాన్నీ, గట్టి డిటర్జెంట్‌నూ తట్టుకుంటాయి. వీటి మీద బాగా పనిచేసిన షాంపూనే మరుసటి రోజు ఉన్ని మీద వాడటం ఈ వృత్తిలో తరచూ జరిగే నష్టానికి కారణం.

గుర్తుపట్టడానికి పాత పద్ధతి ఒకటుంది. కనబడని అంచు నుంచి ఒక్క పోగు తీసి, తివాచీకి దూరంగా పట్టుకారుతో పట్టుకుని అంటించాలి. ఉన్ని, పట్టు జుట్టు కాలిన వాసన వేస్తాయి, నిప్పు తీసేస్తే ఆరిపోతాయి, నలిపితే పొడి అవుతాయి. నూలు, విస్కోస్ కాగితంలా కాలి మెత్తని బూడిద మిగులుస్తాయి. కృత్రిమ పోగు కరిగి గట్టి పూసలా మారుతుంది.

అయితే ఒకే తివాచీలో రెండు మూడు రకాల పోగులు ఉండటం మామూలే. పైన ఉన్ని, లోపల పడుగు, పేక నూలు, అక్కడక్కడ పూలలో పట్టు లేదా విస్కోస్ ఉంటాయి. అంచున వేలాడే కుచ్చులు పడుగు దారాల కొసలే కాబట్టి అవి చాలాసార్లు నూలువి. అన్నిటిలోకీ సుకుమారమైన పోగు ఏది తట్టుకుంటుందో మొత్తం తివాచీకి అదే వాడాలి.

సీసా మీద చూడాల్సినవి

‘మైల్డ్’, ‘ఆర్గానిక్’, ‘ఎకో’ అన్న మాటలు పోగుకు ఏమవుతుందో చెప్పవు. చెప్పేవి కొన్ని ఉన్నాయి.

*పీహెచ్:* ఏడు తటస్థం. ఏడుకు పైన క్షారం, కింద ఆమ్లం. ఈ కొలతలో ఒక్కో అంకెకు పది రెట్ల తేడా ఉంటుంది. అంటే పీహెచ్ 9 ఉన్న ద్రవం 7 ఉన్నదాని కన్నా వంద రెట్లు క్షారం. ఉన్ని, పట్టుకు తటస్థానికి దగ్గరగా, కొద్దిగా ఆమ్లం వైపు ఉన్నవి మేలు. బట్టలు ఉతికే మామూలు డిటర్జెంట్ పొడి నీళ్లలో కలిపాక సాధారణంగా 10 దాటుతుంది, ఎందుకంటే అందులో బట్టల సోడా ఉంటుంది. సీసా మీద రాసిన పీహెచ్ చిక్కటి ద్రవానిదా, నీళ్లు కలిపాక ఉండేదా అన్నది చూసుకోవాలి. పీహెచ్ కాగితపు పట్టీలు చవకగా దొరుకుతాయి. బకెట్‌లో కలిపిన తర్వాత ఒకటి ముంచి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

*ఎంజైములు:* చాలా గృహ డిటర్జెంట్లలో ప్రొటీయేజ్ అనే ఎంజైము కలుపుతారు. రక్తం, గుడ్డు, పాల మరకల్లోని ప్రొటీన్‌ను విడగొట్టడం దాని పని. ఉన్ని, పట్టు కూడా ప్రొటీనే కాబట్టి అది పోగుపైనా పనిచేస్తుంది. ఒక్క ఉతుకులో కంటికి కనిపించకపోవచ్చు, నాలుగైదు ఉతుకుల తర్వాత తివాచీ పలచబడుతుంది.

*ఆప్టికల్ బ్రైటెనర్లు:* తెల్ల చొక్కా నీలి ఛాయతో మెరవడానికి కలిపేవి ఇవే. పాత తివాచీల్లో నేల రంగు ఎక్కువగా దంతపు తెలుపు లేదా మీగడ రంగు. బ్రైటెనర్ పడితే ఆ వెచ్చని ఛాయ పోయి, కొత్త ప్లాస్టిక్ తెలుపు వస్తుంది. దాన్ని తిరిగి తీయడం చాలా కష్టం.

*బ్లీచులు:* క్లోరిన్ బ్లీచ్ ఉన్నికీ, పట్టుకూ అసలే పనికిరాదు. ‘ఆక్సిజన్ బ్లీచ్’ పేరుతో వచ్చే పొడుల్లో తరచూ ఉండే సోడియం పర్‌కార్బొనేట్ నీళ్లలో గట్టి క్షారంగా మారుతుంది కాబట్టి, సురక్షితమని పేరున్నా ఉన్నికి అది సరిపోదు.

*సర్ఫాక్టెంట్ రకం:* మురికిని పట్టి నీళ్లలోకి లాగే పదార్థం ఇదే. ఆనయానిక్, నాన్‌అయానిక్ రకాలను తివాచీ షాంపూల్లో ఎక్కువగా వాడతారు. బట్టల మెత్తదనం కోసం వాడే ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్లు క్యాటయానిక్ రకం. ఆనయానిక్ షాంపూ పూర్తిగా పోకముందే సాఫ్ట్‌నర్ పోస్తే రెండూ కలిసి జిగట మిగులుతుంది. ఆ జిగట మీద దుమ్ము త్వరగా అంటుకుంటుంది. ఉతికిన నెలకే తివాచీ మళ్లీ మురికిగా కనబడటానికి తరచూ కారణం ఇలాంటి అవశేషమే.

అవశేషం సంగతి కొనేముందే తెలుసుకోవచ్చు. వాడే గాఢతలో కలిపిన ద్రవాన్ని గాజు పళ్లెంలో కొద్దిగా పోసి ఎండనివ్వాలి. పొడిగా, పొరలుగా లేస్తే మంచిది. వేలికి బంకలా అంటితే తివాచీలోనూ అలాగే మిగులుతుంది.

ఉన్ని తివాచీలకు పనికివచ్చే మందులను పరీక్షించి ముద్ర ఇచ్చే వూల్‌సేఫ్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. ఆ ముద్ర ఉంటే ఎంపిక తేలికవుతుంది. లేని ఉత్పత్తికి తయారీదారు నుంచి భద్రతా సమాచార పత్రం (సేఫ్టీ డేటా షీట్) అడిగి, పైన చెప్పినవన్నీ అందులో చూసుకోవాలి.

రంగు కారుతుందా?

ఉన్నికి వేసే రంగుల్లో ఎక్కువ భాగం ఆమ్ల ద్రావణంలో పోగుకు అంటుకునే రకం. క్షారం తగిలితే ఆ పట్టు సడలుతుంది. వేడి నీళ్లు, ఎక్కువసేపు తడి దానికి తోడైతే రంగు వదిలి పక్క పోగును పట్టుకుంటుంది. అందుకే ఉతకడానికి ముందు ప్రతి రంగునూ విడివిడిగా పరీక్షించాలి. వాడబోయే ద్రవంలోనే తెల్ల నూలు గుడ్డను తడిపి, ఒక్కో రంగు మీద కొన్ని నిమిషాలు అదిమి పట్టి చూడాలి. మామూలు నీళ్లతో చేసిన పరీక్ష చాలదు, ఎందుకంటే నీళ్లకు కదలని రంగు షాంపూకు కదలవచ్చు.

కొత్త తివాచీ కదా, రంగు గట్టిగానే ఉంటుందనుకోవడానికి లేదు. మెరుపు రావడానికి నేసిన వెంటనే క్లోరిన్, కాస్టిక్ సోడా లాంటివాటితో ‘కెమికల్ వాష్’ చేసే ఆనవాయితీ తివాచీల పరిశ్రమలో ఉంది. దానివల్ల ఉన్ని పైపొర అప్పటికే కొంత దెబ్బతిని ఉంటుంది. పాతదిగా కనిపించాలని కొన్నిటికి టీ రంగు ఛాయ ఇస్తారు. అది మొదటి ఉతుకులోనే మచ్చలు మచ్చలుగా పోవచ్చు. వెలిసిన చోట సిరాతోనో, రంగు పెన్నుతోనో సరిదిద్దినవి కూడా ఉంటాయి. ఇవన్నీ వినియోగదారుడికి ముందే చూపించి, రాతపూర్వకంగా ఒప్పించుకోవడం ఉతికేవారికే రక్ష.

పరీక్షలో రంగు కొద్దిగా కదిలితే చల్లటి నీళ్లు, కొద్దిగా ఆమ్ల స్వభావం ఉన్న షాంపూ, తక్కువ సమయం, వెంటనే నీళ్లు లాగేయడం తప్పనిసరి. బాగా కదిలితే నీళ్లతో ఉతకకుండా వెనక్కి ఇవ్వడమే నిజాయితీ. ‘హైడ్రోస్’ అని పిలిచే సోడియం డైథయోనైట్‌తో కారిన రంగును తీయవచ్చని కొందరు అంటారు. అది పక్కనున్న అసలు రంగునూ తీసేస్తుంది, కాబట్టి నిపుణులు మాత్రమే, అదీ చిన్న చోట వాడాల్సిన మందు.

నీళ్ల సంగతి

మంచి షాంపూ కొన్నా బోరు నీళ్లతో ఫలితం రాలేదనే ఫిర్యాదు మన దగ్గర తరచూ వినబడుతుంది. కారణం కఠినత్వం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యం, మరో నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి. తెలంగాణ, రాయలసీమల్లో ఎన్నోచోట్ల భూగర్భ జలాలు బాగా కఠినంగా ఉంటాయి. ఆ నీళ్లలో మామూలు సబ్బు కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు ఉన్ని పోగుల మధ్య చిక్కుకుంటే ఎన్నిసార్లు జాడించినా పోదు, తివాచీ మసకబారుతుంది.

అందువల్ల సబ్బు ఆధారిత మందులకు బదులు, కఠిన జలంలోనూ పనిచేసే నాన్‌అయానిక్ రకం షాంపూలు మన ప్రాంతానికి నప్పుతాయి. రోజూ పది పన్నెండు తివాచీలు ఉతికే చోట నీటిని మెత్తబరిచే పరికరం పెట్టుకుంటే షాంపూ ఖర్చూ తగ్గుతుంది. అది కుదరకపోతే కనీసం చివరి జాడింపుకైనా మెత్తటి నీళ్లు వాడాలి.

చివరి జాడింపులో కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం కలిపి, నీటి పీహెచ్‌ను 5 దగ్గరికి తేవడం ఉన్ని తివాచీలకు పాత, మంచి పద్ధతి. షాంపూ వదిలిన క్షారాన్ని అది తటస్థం చేస్తుంది, రంగు పట్టును నిలబెడుతుంది. ఎసిటిక్ ఆమ్లం ఆరేటప్పుడు ఆవిరైపోతుంది. నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ఆవిరి కాదు, కాబట్టి దాన్ని వాడితే మరోసారి మంచినీళ్లతో జాడించాలి. సల్ఫ్యూరిక్ లాంటి గాఢమైన ఆమ్లాలు లోపలి నూలు పడుగును తినేస్తాయి, వాటి జోలికి పోకూడదు.

మరకను బట్టి మందు

మొత్తం తివాచీకి వాడేది ఒకటి, మరక మీద వాడేది ఇంకొకటి. రెండోది చిన్న చోట, కొద్దిసేపు, పరీక్షించాకే.

పెంపుడు జంతువుల మూత్రం కష్టమైన మరక. తాజాగా ఉన్నప్పుడు ఆమ్లంగా ఉండి, నిల్వయ్యేకొద్దీ అమ్మోనియా పుట్టి క్షారంగా మారుతుంది. అప్పటికే రంగు సడలిపోయి ఉంటే ఏ మందూ దాన్ని వెనక్కి తేలేదు. వాసన పోవాలంటే మరక పడ్డ చోటును వెనుకవైపు నుంచి కూడా పూర్తిగా నానబెట్టి జాడించాలి. ఎంజైము ఉన్న మందు వాడాలనుకుంటే అందులో ప్రొటీయేజ్ లేదని తయారీదారు చెప్పినప్పుడే ఉన్ని మీద వాడాలి.

నూనె, గ్రీజు మరకలకు నారింజ తొక్కల నుంచి తీసే లిమోనీన్ ఆధారిత ద్రావణాలు పనిచేస్తాయి. అయితే టఫ్టెడ్ తివాచీల్లో పోగులను వెనుక లేటెక్స్ జిగురుతో అంటిస్తారు. లిమోనీన్ ఆ జిగురును మెత్తబరుస్తుంది, పోగులు ఊడి వస్తాయి. వెనుకవైపు గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్ అని అనుమానించాలి. ముడులు లెక్కపెట్టగలిగితే చేతి నేత.

తుప్పు మరకల మందుల్లో కొన్నిటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. చర్మానికి తగిలినా నొప్పి ఆలస్యంగా తెలియవచ్చు, ఈలోగా లోపలి కణజాలానికి, ఎముకకు కూడా హాని జరుగుతుంది. దాన్ని కొనకపోవడమే మంచిది. తగిలితే నీళ్లతో కడిగి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కుంకుడుకాయ పనికొస్తుందా?

పట్టుచీరలకు కుంకుడు రసం వాడిన మన ఇళ్లకు ఈ ప్రశ్న సహజం. కుంకుడులోని సాపొనిన్లు నాన్‌అయానిక్ రకానికి చెందినవి. వాటి ద్రావణం కొద్దిగా ఆమ్లం వైపు ఉంటుంది. ఆ లెక్కన ఉన్ని, పట్టుకు స్వభావరీత్యా సరిపోతుంది. కశ్మీర్‌లో పష్మీనా శాలువలను రీఠా అని పిలిచే ఈ కాయతోనే ఉతికే అలవాటు ఉంది.

వృత్తిపరంగా వాడటానికి మూడు చిక్కులున్నాయి. కాయను బట్టి, నానబెట్టిన సమయాన్ని బట్టి రసం గాఢత మారిపోతుంది. దాని గోధుమ రంగు తెల్ల నేల ఉన్న తివాచీకి అంటవచ్చు. రెండు రోజులు నిలవ ఉంచితే పాడవుతుంది. ముదురు రంగుల చిన్న ఉన్ని తివాచీకి, తాజాగా తీసి వడగట్టిన రసంతో బాగా జాడించి వాడుకోవచ్చు. రోజుకు పది తివాచీలు ఉతికే చోట ఒకే రకం ఫలితం దీంతో రాదు.

ధర ఎలా లెక్కించాలి?

సీసా ధర చూసి కొంటే మోసపోతాం. ఉదాహరణకు లీటరు 400 రూపాయల షాంపూను ఒక వంతుకు 15 వంతుల నీళ్లతో వాడమని రాసి ఉంటే, 16 లీటర్ల ద్రవం వస్తుంది, లీటరుకు 25 రూపాయలు. లీటరు 1,200 రూపాయలదాన్ని ఒకటికి అరవైతో వాడమంటే 61 లీటర్లు వస్తుంది, లీటరుకు 20 రూపాయల లోపే. ఖరీదైనది ఇక్కడ చవక. గాఢత పెంచితే ఎక్కువ శుభ్రమవుతుందనే నమ్మకం కూడా ఖర్చే. ఎక్కువైన షాంపూను పోగొట్టడానికి రెట్టింపు నీళ్లు కావాలి.

అన్నిటికన్నా చవకైన శుభ్రత నీళ్లు తగలకముందే జరుగుతుంది. తివాచీలోని మురికిలో పెద్ద భాగం పొడి ఇసుక, దుమ్ము. తివాచీని తిరగేసి వెనుక నుంచి దులిపి, వాక్యూమ్ చేశాక ఉతికితే షాంపూ సగంతో సరిపోవచ్చు. అలా చేయకుండా తడిపితే ఆ దుమ్ము బురదై ముడుల మొదట్లో చేరుతుంది.

చేతులు, ఊపిరితిత్తులు, మురుగు కాలువ

ఈ పనిలో మందుల దెబ్బ ముందుగా తగిలేది తివాచీకి కాదు, రోజంతా తడిలో నిలబడి రుద్దే కార్మికుడికి. బ్లీచ్‌ను ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వాయువు, అమ్మోనియాతో కలిపితే క్లోరమీన్ వాయువులు వెలువడతాయి. మూత్రం మరక మీద బ్లీచ్ పోసినా ఇదే ప్రమాదం. మూసి ఉన్న షెడ్డులో అది ప్రాణం మీదకి తెస్తుంది. చేతి తొడుగులు, రబ్బరు బూట్లు, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు ఉండాల్సిందే. పేరు చీటీ లేని డబ్బాల్లోకి కెమికల్ మార్చడం మానేయాలి.

వాడిన నీళ్లకూ చట్టం ఉంది. పర్యావరణ పరిరక్షణ నియమాలు, 1986 కింద బయటికి వదిలే వ్యర్థ జలం పీహెచ్ సాధారణంగా 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. సేంద్రియ కాలుష్యాన్ని చెప్పే బీఓడీ లీటరుకు ప్రజా మురుగు కాలువలోకైతే 350, నేరుగా జలవనరులోకైతే 30 మిల్లీగ్రాములు మించకూడదు. తటస్థ పీహెచ్, త్వరగా కుళ్లిపోయే సర్ఫాక్టెంట్ ఉన్న మందును ఎంచుకుంటే ఉన్నికే కాదు, ఊరి చెరువుకూ భారం తగ్గుతుంది.

ఉతకడానికి ఇచ్చేముందు అడగాల్సినవి

- తివాచీలో ఏయే పోగులున్నాయో ఎలా తేల్చారు?
- నా ఎదురుగా ప్రతి రంగునూ పరీక్షిస్తారా?
- వాడే షాంపూ పేరేమిటి, నీళ్లు కలిపాక దాని పీహెచ్ ఎంత?
- అందులో బ్లీచ్, ప్రొటీయేజ్, బ్రైటెనర్ ఉన్నాయా?
- తడిపే ముందు దుమ్ము దులుపుతారా?
- ఎంత సమయంలో ఆరబెడతారు? ఎక్కువ కాలం తడిగా ఉంటే లోపలి నూలు పడుగుకు బూజు పట్టి, దారం కుళ్లిపోతుంది.

వీటికి సూటిగా జవాబు చెప్పేవారు ఎక్కువ అడిగినా ఇవ్వవచ్చు. ‘అన్నిటికీ ఒకటే షాంపూ వాడతాం’ అన్న జవాబు వస్తే చేతి నేత ఉన్ని తివాచీని ఇంటికి తెచ్చుకోవడం మంచిది.

పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లతో మొదలైందని చెప్పే ఏలూరు తివాచీలు, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు మన ఇళ్లలోనూ ఉన్నాయి. ఏలూరుది ఉన్ని, వరంగల్‌ది ప్రధానంగా నూలు. పక్కపక్కనే పరిచి ఉన్నా, ఒకదానికి మేలు చేసే మందు రెండోదానికి సరిపోకపోవచ్చు. ఆ తేడా తెలిసినవారి చేతిలో పడితే రెండూ మరో తరానికి అందుతాయి.